పూటకూళ్ల యింటిలో ముసలితనము

ధ్యానమునకు వాక్యభాగము: లూకా సువార్త 10:30–37



ఈ నెల మనము ధ్యానించుటకు ఎన్నుకొనిన భాగము ఆదివార పాఠశాల పిల్లలకు సైతము కంఠతా వచ్చినదే. దొంగలచేత చిక్కిన మనుష్యుడు, ప్రక్కగా పోయిన యాజకుడు, లేవీయుడు, జాలిపడిన సమరయుడు, వీరినిగూర్చి అనేక పర్యాయములు ప్రసంగములు వినియున్నాము. అయితే ఆ కథలో ఒక యిల్లు కూడ ఉన్నది. దానినిగూర్చి సాధారణముగా ఎవరును ప్రసంగింపరు. సమరయుడు గాయపడిన వానిని తన యింటికి తీసికొనిపోలేదు. వాని స్వగ్రామమునకును చేర్చలేదు. డబ్బు పుచ్చుకొని పడకయు భోజనమును ఇచ్చు పూటకూళ్ల యింటికి చేర్చెను. ఈ దినములలో మన కుటుంబములలో వృద్ధులనుగూర్చి జరుగుచున్న ఒక సంభాషణకు ఆ యిల్లు మిక్కిలి సంబంధించినదని మాకు తోచుచున్నది.

ఆ సంభాషణ ఏమనగా, ఉద్యోగ విరమణ చేసి, బిడ్డలు దూరముననున్నవారు వృద్ధాశ్రమమునకు పోవుటకంటె ఒక మంచి హోటలులో గది తీసికొని శేషజీవితము గడుపరాదా? పక్క వేయుటకు పనివాడుండును, వేడినీళ్లు వచ్చును, వేళకు కాఫీ వచ్చును. ఎవరి దయమీదను బ్రదుకనక్కరలేదు. ఇది నవ్వులాటకు పుట్టిన మాటయైనను, దీని వెనుక గొప్ప వ్యాకులమున్నది. కావున దీనిని వాక్యపు వెలుగులో ఉంచి చూతము.

మొదట మాటలు సరిచేసికొందము. పాశ్చాత్యులు నర్సింగ్ హోము అనునది మన నర్సింగ్ హోము కాదు. మన విజయనగరములోనైనను, శ్రీకాకుళములోనైనను నర్సింగ్ హోము అనగా ప్రైవేటు ఆసుపత్రి. కాన్పులకును, ఆపరేషనులకును పోయి, నయమైన పిమ్మట ఇంటికి వచ్చెదము. వారి దేశములలోనో, అది తమ పని తాము చేసికొనలేని వృద్ధులు తరచుగా తుదివరకును ఉండు పరిచర్య గృహము. అట్లే హోటలు అనగా మన జిల్లాలలో ఇడ్డెనలు, పూరీలు దొరకు చోటు. రాత్రి పండుకొనుటకు గది దొరకునది లాడ్జి. ఈ రెండును కలిసిన పాతకాలపు సంస్థకే పూటకూళ్ల యిల్లు అని పేరు. విజయనగరవాసి గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చువేయించిన కన్యాశుల్కములో పూటకూళ్లమ్మ యొక పాత్ర. కావున పూటకూళ్ల యిల్లు మనకు పరాయి మాట కాదు. మన తెలుగు బైబిలులో సమరయుని కథలో వాడబడినదియు ఈ మాటయే.

హోటలులో ముసలితనము గడిపినవారు లోకములో లేకపోలేదు. నబకోవ్ అను ప్రసిద్ధ గ్రంథకర్త 1961 మొదలు 1977లో మరణించువరకు స్విట్జర్లాండులోని మాంట్రూ పట్టణమున ఒక హోటలులోనే నివసించెను. అమెరికా అధ్యక్షుడుగా నుండిన హూవరు 1964లో తన 90వ యేట న్యూయార్కులోని వాల్డార్ఫ్ హోటలులోనే కన్నుమూసెను. వీరు ధనికులు. సామాన్యులలోను అట్టివారున్నారు. ఇంగ్లాండులో రహదారి ప్రక్క లాడ్జిలోనే 22 సంవత్సరములుగా కాపురమున్న వృద్ధ దంపతులనుగూర్చి 2007లో పత్రికలు వ్రాసెను. 2019లో అమెరికాలో ఒక పెద్దమనిషి, తనకు వయస్సు మీరినప్పుడు పరిచర్య గృహమునకు పోక హోటలుకే పోయెదనని లెక్కలు కట్టి ప్రకటించగా, అది దేశదేశములలో చదువబడెను. వృద్ధులకిచ్చు తగ్గింపుతో హోటలు గది దినమునకు సుమారు 60 డాలర్లే యగునని అతని లెక్క.

ఆ లెక్క ఎందుకు అంతమందిని ఆకర్షించెనో గ్రహించుట కష్టము కాదు. 2023 నాటికి ఆ దేశములో పరిచర్య గృహమునందు ఒక్కొక్కరికి సంవత్సరమునకు సాధారణముగా లక్ష డాలర్లకు పైగా ఖర్చగుచుండెను. అనగా మన రూపాయలలో 80 లక్షలకు మించిన మాట. హోటలు గది దినమునకు 100 డాలర్లైనను సంవత్సరమునకు 36,500 డాలర్లే. అయితే ఈ రెండు ధరలలో కొనబడు వస్తువు ఒక్కటి కాదు. పరిచర్య గృహము పుచ్చుకొను సొమ్ములో ఎక్కువ భాగము గదికి కాదు, మనుష్యులకు చెల్లును. రాత్రింబగళ్లు మేలుకొనియుండు నర్సులకును, స్నానము చేయించువారికిని, మందు నోటికందించువారికిని, పక్కమీదనున్న వానిని ఇటునటు త్రిప్పి పుండ్లు పడకుండ చూచువారికిని చెల్లును. హోటలు దుప్పటి మార్చును. దుప్పటిమీదనున్న మనుష్యుని మార్చి పండుకొనబెట్టుట దాని పని కాదు. లెక్క వ్రాసినవాడు కాళ్లు చేతులు ఆడుచున్న దినములకు లెక్క వ్రాసెను గాని, అవి ఆడని దినములకు వ్రాయలేదు.

ఇక మన జిల్లాలకు వత్తము. మన గ్రామములనుండి యౌవనులు బయలుదేరిపోవుట క్రొత్త సంగతి కాదు. పలాసలోను, ఆమదాలవలసలోను, విజయనగరములోను రైలెక్కి హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును, అక్కడనుండి గల్ఫు దేశములకును, అమెరికాకును పోవుచున్నారు. ఉభయ జిల్లాల జాలరులు గుజరాతులోని వేరావలు రేవునకు కూలికి పోయి, 2018లో సముద్రముమీద పాకిస్తాను వారిచేత పట్టుబడి, 2020 జనవరిలో తిరిగివచ్చిన సంగతి అందరికిని జ్ఞాపకమే. పోవువారు పొట్ట చేతబట్టుకొని పోవుచున్నారు గాని తలిదండ్రులను ద్వేషించి పోవుట లేదు. అయినను ఊరిలో మిగిలినవారు ముసలివారే. పెంకుటింటికి తాళము, అరుగుమీద అవ్వ. ఇట్టి దృశ్యము ఇప్పుడు ఏ వీధిలోనైనను కనబడుచున్నది.

ఒక ఉదాహరణము అనుకొందము. బడిపంతులుగా ముప్పదియేండ్లు పనిచేసి విరమించిన పెద్దాయన యున్నాడు. భార్య ప్రభువునందు నిద్రించినది. కుమారుడు పరదేశములో, కుమార్తె మరియొక రాష్ట్రములో నున్నారు. కుమారునియొద్ద ఆరు నెలలుండి చూచెను. అక్కడ తలుపులు మూసిన యింటిలో ప్రొద్దు పోదు. ఇంటికి తిరిగివచ్చెను. వంట చేతకాదు. తుదకు పట్టణములో బస్సు కాంప్లెక్సు దగ్గర లాడ్జిలో గది తీసికొనెను. దినమునకు 1,000 రూపాయలనుకొన్నను నెలకు 30,000. పింఛనులో సరిపెట్టుకొనవచ్చును. క్రింద హోటలులో టిఫిను, మధ్యాహ్నము మెస్సునుండి క్యారేజీ. బంధువులు వినినప్పుడు, “అయ్యో, బిడ్డలుండి ఇదేమి కర్మము” అందురు. సంఘములో కొందరు, “డబ్బున్నవారి వేడుక” అందురు. ప్రియులారా, ఈ రెండు మాటలలో ఏదియు న్యాయమైన తీర్పు కాదు.

ఏలయనగా ఆ పెద్దాయన కోరినది తప్పు కోరిక కాదు. 2 రాజుల గ్రంథము 4వ అధ్యాయములో షూనేము ఊరి ఘనురాలొకతె, తరచుగా ఆ త్రోవను పోవు ఎలీషా ప్రవక్తకొరకు మేడమీద చిన్న గది కట్టించినది. అందులో ఆమె ఉంచిన వస్తువులను పరిశుద్ధాత్మ లెక్కపెట్టి వ్రాయించెను: మంచము, బల్ల, పీట, దీపస్తంభము. నేటికిని ఏ లాడ్జి గది తలుపు తెరచినను ఈ నాలుగే మొదట కనబడును. మనుష్యునికి పండుకొనుటకు, వ్రాసికొనుటకు, కూర్చుండుటకు, చీకటిలో చూచుకొనుటకు కావలసినవి ఇవి. దైవజనుడు అట్టి గదిని అంగీకరించుటకు సిగ్గుపడలేదు. ముసలివానికి తనదైన గది, లోపల గడియ, తాను కోరినప్పుడు వెలుగు ఉండుట గౌరవమునకు సంబంధించిన సంగతి.

బర్జిల్లయినికూడ జ్ఞాపకము చేసికొందము (2 సమూయేలు 19:31–39). అతనికి 80 సంవత్సరములు. దావీదు రాజు మహనయీములో కష్టమునందున్నప్పుడు ఇతడే భోజనపదార్థములిచ్చి పోషించెను. రాజు తిరిగి రాజ్యమునకు వచ్చుచు, యెరూషలేములో తనతో కూడ ఉండుమని, తానే పోషించెదనని పిలిచెను. అంతకంటె గొప్ప బస యెక్కడ దొరకును? అయినను ఆ ముసలివాడు ఒప్పుకొనలేదు. తనకు రుచి తెలియదనియు, పాటగాండ్ర స్వరము వినబడదనియు, రాజునకు భారమగుటకంటె తన తలిదండ్రుల సమాధియున్న ఊరిలో చనిపోవుట మేలనియు మనవి చేసికొనెను. దావీదు అతని బలవంతపెట్టలేదు. ముద్దుపెట్టుకొని, దీవించి, ఇంటికి పంపెను. వృద్ధులకు ఏది మంచిదో మనకే తెలియునని తలంచువారు ఈ భాగము రెండు మారులు చదువవలెను. దావీదు మొదట పిలిచెను. తరువాత వినెను. మన యిండ్లలో పిలుచువారు కొందరున్నారు, వినువారు అరుదు.

పెద్దలు హోటలు గదిని మెచ్చుటకు ధరయొక్కటే కారణము కాదు. అక్కడ పనివాడు తలుపు తట్టి, “అయ్యగారూ, టిఫిను ఏమి తెమ్మందురు?” అని అడుగును. వాడు అడుగుట జీతముకొరకే కావచ్చును. అయినను అడుగుచున్నాడు. అనేక యిండ్లలో ముసలివారిని అట్లు అడిగి ఎంత కాలమైనదో! వారి ముందర కంచము పెట్టబడును, తీయబడును. వారి మంచము వరండాలోనికి జరుపబడును, అతిథులు వచ్చిన దినమున పెరటిలోనికి జరుపబడును. తన కన్నబిడ్డ యింటిలో అడ్డముగా నుండుటకంటె, డబ్బిచ్చు చోట అతిథిగా నుండుట మేలని యొక తండ్రి తలంచినయెడల, లోపము హోటలుది కాదు. జీతముకొరకు చూపబడు మర్యాద ప్రేమకొరకు చూపబడకపోవుట క్రైస్తవ గృహమునకు తగినది కాదు. అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాయుచు, బిడ్డలు మొదట తమ యింటివారియెడల భక్తి కనుపరచుట నేర్చుకొనవలెననియు, స్వకీయులను సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడనియు హెచ్చరించెను (1 తిమోతి 5:4, 8). భక్తి అను మాటను అతడు ఆలయముకొరకు దాచక, ఇంటిలోని ముసలివారికొరకు వాడుట గమనింపదగినది.

అయితే హోటలు ఇయ్యలేనిది ఒకటున్నది. నికోలా టెస్లా అను శాస్త్రజ్ఞుని పేరు విద్యార్థులందరును ఎరుగుదురు. నేడు మన దీపములు వెలుగుచున్న విద్యుత్పద్ధతికి ఆయన కృషి ఆధారము. ఆయన అవివాహితుడు. తన జీవితములో చివరి సుమారు పది సంవత్సరములు న్యూయార్కులోని హోటల్ న్యూయార్కరులో గడిపెను. గది అద్దె వెస్టింగ్‌హౌస్ కంపెనీవారు చెల్లించుచుండిరి. 1943 జనవరిలో, 86వ యేట, ఆయన ఆ గదిలో ఒంటరిగా మరణించెను. ఎవరును లోపలికి రాగూడదను పలక తలుపునకు తగిలించియుండెను. దానిని లక్ష్యపెట్టక లోపలికి వెళ్లిన పనిమనిషి ఆయన చనిపోయియుండుట చూచినది.   లోకమంతటికి వెలుగునిచ్చిన వాని చివరి శ్వాసవేళ చేయి పట్టుకొనుటకు మాత్రము ఒకరును లేకపోయిరి.

ఇందుకు హోటలువారిని నిందింపరాదు. వారు ఒప్పుకొన్న పని వారు చేసిరి. లాడ్జివాడు తన బ్రదుకుతెరువుకొరకు గది అద్దెకిచ్చుచున్నాడు. అతిథికి జ్వరము వచ్చి మూడు దినములు లేవనియెడల, ఎవరినైన పిలిపించుకొనుడని అతడు చెప్పుట సహజము. రాత్రి స్నానపుగదిలో జారిపడినవాడు తెల్లవారువరకు అక్కడనే యుండవచ్చును. ముసలితనములో మతిమరపు మొదలైనప్పుడు, మందు రెండుసార్లు వేసికొన్నాడో, అసలు వేసికొనలేదో చూచు కన్ను అక్కడ లేదు. చోడి అంబలి త్రాగవలెనని మనస్సు పుట్టినను పట్టికలో లేదు. “ఏటి తాతా, కూడు తిన్నావా?” అని పిలుచు పొరుగింటి పడుచు అక్కడ లేదు.

కాబట్టి ప్రశ్న ఇది కాదు: ఇల్లా, ఆశ్రమమా, హోటలా? అసలైన ప్రశ్నకు సమరయుని కథలో ప్రభువే జవాబు చెప్పియున్నాడు. ఆ మనుష్యుడు చేసిన పనులు వరుసగా చూడుడి. మొదట దగ్గరకు వచ్చెను. గాయములలో నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టెను. తాను దిగి, వానిని తన వాహనముమీద ఎక్కించెను. పూటకూళ్ల యింటికి చేర్చి, ఆ రాత్రి తానును అక్కడనే యుండి పరామర్శించెను. మరునాడు రెండు దేనారములు ఇచ్చెను. ఒక దేనారము ఆ కాలమున ద్రాక్షతోటలో పనిచేయువాని దినకూలి (మత్తయి 20:2). అనగా రెండు దినముల కష్టార్జితము. ఎక్కువ ఖర్చయినయెడల తాను తీర్చెదనని చెప్పెను. ఈ మాటకు ముందు కాలము నిర్ణయించెను: తాను మరల వచ్చునప్పుడు. ఇదియే ఈ ధ్యానమంతటికి గురుతైన మాట.

సహోదరులారా, ఆ చివరి మాట తీసివేసి చూడుడి. సమరయుడు రెండు దేనారములు బల్లమీద ఉంచి, మరల ఆ త్రోవను రాకుండ పోయెననుకొనుడి. అప్పుడును అతడు డబ్బిచ్చినవాడే. యాజకునికంటెను లేవీయునికంటెను మేలు చేసినవాడే. అయినను గాయపడినవాడు పరాయివాని యింటిలో పరాయివాడుగా విడువబడియుండును. పూటకూళ్ల యింటిని కరుణాగృహముగా మార్చినది ఆ రెండు నాణెములు కాదు, తిరిగి వచ్చెదనను వాగ్దానము. ఆ మాట విన్న పూటకూళ్లవాడును జాగ్రత్తగా చూచును. ఎందుకనగా ఈ మనుష్యుని అడుగువాడు ఒకడున్నాడని అతనికి తెలియును. ఏ ఆశ్రమములోనైనను, ఏ ఆసుపత్రిలోనైనను ఇది సత్యమే. ఎవరికొరకు బంధువులు వచ్చుచుందురో, ఆ మంచమును పనివారు మరువరు.

కుమారులారా, కుమార్తెలారా, ఈ మాట మీకే. మీరు నెలనెల పంపు సొమ్ము మంచిదే. దానిని తక్కువచేసి మేము మాటలాడము. పరదేశములో ఎండలో నిలిచి సంపాదించినది అందులో నున్నది. అయితే ఫోనులో, “డబ్బు అందినదా, నాన్నా?” అను ప్రశ్నతోనే సంభాషణ ముగియుచున్నయెడల, రెండు దేనారములు మాత్రమే ఇచ్చితిరి. ఎప్పుడు వచ్చెదరో తేదీ చెప్పుడి. చెప్పిన తేదీకి రండి. వచ్చినప్పుడు ఒక రాత్రియైనను వారి గదిలోనే పండుకొనుడి. రాత్రి ఎన్నిమార్లు లేచుచున్నారో, మెట్లు ఎట్లు దిగుచున్నారో, ఏ మందు ఏ డబ్బాలోనున్నదో అప్పుడు మీకే తెలియును. సమరయుడు ఒక రాత్రి ఉండిన పిమ్మటనే డబ్బిచ్చెను గాని, డబ్బు పంపి రాత్రి తప్పించుకొనలేదు.

దేవుని పనికి ఇచ్చుచున్నాము గనుక తలిదండ్రులకు ఇయ్యలేమను సాకునుకూడ ప్రభువు అంగీకరింపలేదు. కొర్బాను అని చెప్పి తలిదండ్రులకు రావలసినది తప్పించినవారిని ఆయన కఠినముగా గద్దించెను (మార్కు 7:9–13). సిలువమీద వ్రేలాడుచున్న వేళను తన తల్లికి ఇల్లు చూపుట ఆయన మరువలేదు (యోహాను 19:26, 27). ఆయన ఆమెను ఒక స్థలమునకు కాదు, ఒక మనుష్యునికి అప్పగించెను. మన దేశపు ప్రభుత్వము సహితము 2007లో తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము చేసెను. పోషింపని బిడ్డలమీద తలిదండ్రులు ట్రిబ్యునలులో మనవి చేసికొనవచ్చును. ఆ చట్టము నెలకు 10,000 రూపాయలవరకు పోషణము విధించుటకు అధికారమిచ్చెను. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలలవరకు చెరసాలయు నియమించెను. అవసరమైన చట్టమే. కాని ఏ న్యాయస్థానమును, “వచ్చి మీ తండ్రి ప్రక్కను కూర్చుండుము” అని తీర్పు వ్రాసి అమలు జరుపలేదు. అది ప్రేమ మాత్రమే చేయవలసిన పని.

వయస్సు మళ్లిన పెద్దలారా, మీతోను ఒక మాట. మీరు ఇంటిలో నున్నను, బిడ్డలయొద్దనున్నను, గదిలో నున్నను, మీ తలుపునకు ఎవరును రాగూడదను పలక తగిలింపకుడి. అభిమానము మంచిదేగాని, అభిమానముచేత ఆకలిని, నొప్పిని, ఒంటరితనమును దాచుట మంచిది కాదు. తలుపునొద్ద నిలిచి తట్టుచున్న ప్రభువునుగూర్చి ప్రకటన గ్రంథము 3:20లో చదువుచున్నాము. అనేక పర్యాయములు ఆయన ఒక పొరుగువాని చేతితో తట్టును. పౌలు రోమాలో కాపలాలో నుండియు, అద్దె యింటిలో రెండు సంవత్సరములుండి, తనయొద్దకు వచ్చువారినందరిని చేర్చుకొనెను (అపొ. కార్య. 28:30). గది అద్దెదియైనను తలుపు తెరచియుండెను. 84 ఏండ్ల విధవరాలైన అన్న దేవాలయమును విడువక ప్రార్థనలో సేవించెను (లూకా 2:37). మీ గది ఏదైనను అది ప్రార్థనా గది కావచ్చును. లెక్కలు చెప్పించుకొనుటకు వచ్చు పిల్లవానికి బడి కావచ్చును. సేవ చేయించుకొనుటయే మిగిలినదని తలంపకుడి.

సంఘమునకు చెప్పవలసినది ఇంకను ఉన్నది. హోటలా, ఆశ్రమమా అని ఎన్నుకొనువారు కొద్దిమందియే. మన సంఘములలో ముసలివారు అనేకులకు ఆధారము ప్రభుత్వ పింఛనే. 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలైనది. లాడ్జి గదికైతే అది నాలుగు దినములకు సరిపోవును. అట్టి అవ్వకు, తాతకు సంఘమే పూటకూళ్ల యిల్లు, సంఘమే సమరయుడు కావలెను. మన ప్రాంతమునకు ఇందులో మంచి మాదిరి కలదు. సోంపేట ఆరోగ్యవరములో కెనడా బాప్తిస్టు మిషను డాక్టరు బెన్ గలిసన్‌గారు బీదల కన్నులకు చికిత్స చేయుచుండిరి. 25 డాలర్లతో ఒక గ్రుడ్డివానికి చూపు తెప్పించవచ్చునని ఆయన చెప్పిన మాట 1963లో కాల్గరీ పట్టణమున ఒక వర్తకుని హృదయమును తాకగా, ఆపరేషన్ ఐసైట్ అను సంస్థ పుట్టినది. కంటిలో పువ్వు వేసి మూలనున్న ముసలివారిని చేయిపట్టి నడిపించుకొని వచ్చినవారుండబట్టియే ఆ డబ్బు చూపుగా మారెను.

మనకు చేతనైన పనులు చిన్నవియే. ప్రతి సంఘమును తన ఊరిలో ఒంటరిగా నున్న వృద్ధుల పేర్లు ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. ఏ మతమువారైనను వ్రాయవలెను, గాయపడినవాని కులగోత్రములు సమరయుడు అడుగలేదు. స్త్రీల సమాజమువారును యౌవనులును వంతులు వేసికొని వారమునకొకసారి వారి తలుపు తట్టవలెను. పోవునప్పుడు, మరల ఏ దినమున వచ్చెదరో చెప్పి పోవలెను. ఆలయమునకు రాలేనివారికి ప్రభురాత్రి భోజనము ఇంటికో, గదికో, ఆశ్రమమునకో చేర్చవలెను. బిడ్డల ఫోను నంబరు పాస్టరుగారియొద్దను, మరియొక పెద్దయొద్దను ఉండవలెను. పట్టణములో లాడ్జిలో నున్న పెద్దాయన ఆదివారము ఆరాధనకు రానియెడల, ఆ మధ్యాహ్నమే ఎవరైనను పోయి చూడవలెను. సోమవారము చాలునని అనుకొనరాదు.

తుదకు ఒక మాట. లాడ్జిలో దిగువాని ముందర ఒక రిజిస్టరు పెట్టుదురు. పేరు, వయస్సు, ఎక్కడనుండి వచ్చితిరి, ఎక్కడికి పోవుచున్నారు, వచ్చిన పని ఏమి అని గళ్లుండును. అరణ్యములో హాగరును దేవదూత అడిగినవి ఇంచుమించు ఈ ప్రశ్నలే (ఆదికాండము 16:8). పితరులైన యాకోబు తన 130 సంవత్సరములను యాత్రగానే లెక్కపెట్టెను (ఆదికాండము 47:9). నిజముగా మనమందరమును బస చేసినవారమే. సొంత యింటిలో నున్నవాడును అద్దె గదిలో నున్నవాడును ఒకే ఉదయమున తాళపుచెవి అప్పగింపవలసియున్నది. అయితే ఎక్కడికి పోవుచున్నారను గడి మనకు ఖాళీగా లేదు. మన ప్రభువు తన తండ్రి యింట అనేక నివాసములు కలవనియు, మనకు స్థలము సిద్ధపరచుటకు తాను పోవుచున్నాననియు చెప్పెను. చెప్పి ఊరకుండలేదు, మరల వచ్చి మనలను తనయొద్ద నుండుటకు తీసికొనిపోయెదనని మాట ఇచ్చెను (యోహాను 14:2, 3). పుట్టినప్పుడు సత్రములో స్థలము దొరకనివాడే మనకు స్థలము సిద్ధపరచుచున్నాడు. దొంగలచేత చిక్కిన మనలను లేవనెత్తి, ఖర్చంతయు తానే చెల్లించి, తిరిగి వచ్చెదనని చెప్పిన సమరయుడు ఆయనయే. అట్టి వాగ్దానమువలన బ్రదుకుచున్న మనము, మన వృద్ధులకు తిరిగి వచ్చెదమని చెప్పి, చెప్పిన దినమున వచ్చుట ఎంతైన న్యాయము.

ప్రార్థన: వృద్ధాప్యమునందును మమ్మును విడువని తండ్రీ, మా ఊళ్లలో ఒంటరి గదులలోనున్న మీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. దూరముననున్న కుమారులకును కుమార్తెలకును తిరిగి వచ్చు మనస్సును, వచ్చుటకు వీలును దయచేయుము. మీ సంఘమునకు తలుపు తట్టు చేతులనిమ్ము. మరల రానైయున్న యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.